సొంత ఇంటి దుఃఖంతో హెల్ప్‌లైన్ పనికి: బెంగళూరులోని తెలుగు కౌన్సెలర్లకు ఒక మార్గదర్శి

ఆపదలో ఉన్నవారి ఫోన్లు తీసుకునే మనిషి ఇంట్లోనే మరణం సంభవిస్తే ఏం చేయాలన్నది శిక్షణ తరగతుల్లో చాలా తక్కువగా చెబుతారు. ఎదుటివారి దుఃఖాన్ని ఎలా వినాలో వారాల తరబడి నేర్పుతారు గానీ, వినేవారికే దుఃఖం వచ్చినప్పుడు షిఫ్టు ఎవరికి అప్పగించాలి, ఎప్పుడు తిరిగి రావాలి, వచ్చాక ఏ కాల్స్ తీసుకోవాలి అన్న సంగతులను ఎవరి తంటా వారు పడేలా వదిలేస్తారు. బెంగళూరులో తెలుగు కాల్స్ వినే కౌన్సెలర్లు, వాలంటీర్ల కోసం ఈ మార్గదర్శిని రాస్తున్నాను. 2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్‌కు (14416) ఇక్కడి జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ జాతీయ అపెక్స్ కేంద్రం కావడం వల్ల ఈ రంగంలో పనిచేసేవారికి బెంగళూరు ముఖ్యమైన ఊరు. అదొక్కటే కాదు, స్వచ్ఛంద సంస్థల హెల్ప్‌లైన్లు, ఆసుపత్రుల్లోని ఉపశమన వైద్య (పాలియేటివ్ కేర్) బృందాలు, హింసకు గురైన స్త్రీలకు సాయం చేసే కేంద్రాలు కూడా ఇక్కడ ఉన్నాయి. అలాంటి బృందాల్లో తెలుగు వచ్చినవారు తరచుగా ఒకరో ఇద్దరో ఉంటారు. అందుకే ఆ ఒక్కరి ఇంట్లో మరణం జరిగినప్పుడు, దుఃఖంతో పాటు "నేను వెళ్లిపోతే మన భాషలో మాట్లాడేవారు ఎవరుంటారు" అన్న అపరాధ భావం కూడా వచ్చి మీద పడుతుంది.

ఈ మార్గదర్శి అంతటికీ ఆధారమైన మాట ఒకటుంది. ప్రాణాపాయంలో ఉండి ఫోన్ చేసే మనిషికి పూర్తి మనసుతో వినే మనిషి దొరకాలి. మీ దుఃఖానికి దాని సమయం, దాని చోటు విడిగా ఏర్పాటు చేసుకోకపోతే అది కాల్ మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది. కాబట్టి కింద చెప్పిన జాగ్రత్తలన్నీ మీ కోసం ఎంతో, ఫోన్ చేసేవారి కోసం కూడా అంతే.

మొదటి మెట్టు: వార్త తెలిసిన రోజు

ఈ మెట్టులో సగం పని వార్త రాకముందే చేసుకోవలసినది. ఇంట్లో పెద్దవారి ఆరోగ్యం బాగాలేదని తెలిసినప్పుడు, సూపర్‌వైజర్ ఫోన్ నంబరు ఇంట్లో ఒకరికి ఇచ్చి ఉంచండి. ఒక తల్లి తన బిడ్డ గురించి ఏడుస్తూ చెబుతున్న సమయంలో మీ ఫోన్ తెరపై కుటుంబ వాట్సాప్ గ్రూపులో మరణవార్త కనిపించడం ఎవరికీ రాకూడని పరిస్థితి. ఆ వార్త ఒక మనిషి ద్వారా, కాల్ ముగిశాక, పక్కన కూర్చుని చెబితే అందాలి.

వార్త తెలిశాక షిఫ్టు పూర్తి చేయాలని ప్రయత్నించకండి. ఇంకా రెండు గంటలే ఉంది కదా అనిపిస్తుంది, ఆ మొదటి గంటల్లో మనసు మొద్దుబారి ఉండడం వల్ల చేయగలననే అనిపిస్తుంది. ఆ మొద్దుబారడాన్ని స్థిమితంగా ఉన్నానని పొరబడకండి. బయలుదేరే ముందు ఒక్క పని మాత్రం చేయండి: మళ్లీ ఫోన్ చేస్తానని మీరు మాట ఇచ్చిన కేసులు ఏవేవి ఉన్నాయో, ఎవరికి ఏ రోజు ఏ సమయానికి చేయాలో, వారి భద్రతా ప్రణాళికలో (ప్రాణం తీసుకోవాలనిపిస్తే ఏం చేయాలో ముందే అనుకున్న జాబితాలో) ఏముందో కాగితం మీదనో కేసు నోట్‌లోనో రాసి, పేరు పెట్టి ఒక సహోద్యోగికి అప్పగించండి. "ఎవరైనా చూసుకోండి" అని చెబితే ఎవరూ చూసుకోరు, ఊళ్లో కర్మకాండల మధ్య మీకు అదే గుర్తొస్తూ ఉంటుంది. రాసే స్థితి కూడా లేకపోతే నోటితో చెప్పి వాళ్ల చేత రాయించండి.

సెలవు విషయంలో ఒక వాస్తవం తెలిసి ఉండాలి. మన దేశంలో ప్రైవేటు ఉద్యోగులందరికీ వర్తించేలా మరణ సంబంధ సెలవును తప్పనిసరి చేసిన కేంద్ర చట్టం లేదు. సంస్థ విధానంలో అలాంటి సెలవు ఉంటే సరే, లేకపోతే క్యాజువల్ లీవు, ఎర్న్‌డ్ లీవు వాడుకోవలసిందే. వాలంటీర్లకు సెలవు లెక్క ఉండదు గనుక ఎవరూ అడగరని కాస్త తొందరగా వచ్చేస్తుంటారు, అది మరీ ప్రమాదం. సెలవు అడిగేటప్పుడు మన ఇళ్ల క్రమాన్ని ముందే వివరించండి. అంత్యక్రియలకు ఒకసారి, మళ్లీ పెద్దకర్మకు ఒకసారి వెళ్లవలసి రావచ్చు. అనంతపురమో కర్నూలో అయితే రాత్రి బస్సులో వెళ్లి వచ్చేయవచ్చని మన వాళ్లు అనుకుంటారు. కర్మ ముగించుకుని రాత్రంతా బస్సులో కూర్చుని పొద్దున్నే మడివాళలో దిగి నేరుగా షిఫ్టుకు వెళ్లే ఆలోచన మాత్రం దయచేసి పెట్టుకోకండి. క్రైస్తవ కుటుంబాల్లో ఆదరణ కూడిక, ముస్లిం కుటుంబాల్లో నలభయ్యో రోజు కూడా ఇలాగే ముందుగా చెప్పి ఉంచవలసిన తేదీలు.

రెండో మెట్టు: దుఃఖం ఎలా నడుస్తుందో తెలుసుకోవడం

మనోవైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో చెప్పిన ఐదు దశలు (నిరాకరణ, కోపం, బేరసారాలు, కుంగుబాటు, అంగీకారం) మనందరికీ శిక్షణలో కంఠతా వచ్చి ఉంటాయి. ఆమె వాటిని మరణానికి చేరువలో ఉన్న రోగులతో మాట్లాడి రాశారన్నది మాత్రం చాలామంది మరచిపోతారు. అయినవారిని పోగొట్టుకున్నవారు అందరూ ఆ వరుసలోనే నడవాలని ఏమీ లేదు. నాకు ఇంకా కోపం రాలేదేమిటి, అంగీకారం ఎప్పుడొస్తుంది అని మిమ్మల్ని మీరు కొలుచుకోవడం మానేయండి.

మన పనికి అంతకంటే ఎక్కువగా ఉపయోగపడేది పరిశోధకులు మార్గరెట్ స్ట్రోబె, హెంక్ షూట్ 1999లో ప్రతిపాదించిన ద్వంద్వ ప్రక్రియా నమూనా. దుఃఖంలో ఉన్న మనిషి కొంతసేపు పోయినవారి తలపులో మునిగి ఉంటాడు, కొంతసేపు బ్యాంకు పనులు, పిల్లల బడి, ఉద్యోగం వంటి మిగిలిన బతుకును చక్కబెట్టుకుంటాడు. ఈ రెండింటి మధ్య అటూ ఇటూ తిరుగుతూ ఉండడమే ఆరోగ్యకరమైన పద్ధతి అని వారు చెబుతారు. ఏడవకుండా ఒక పూట గడిచినందుకు సిగ్గుపడనక్కర్లేదు, మూడు నెలల తర్వాత కూరగాయల దుకాణం ముందు కళ్లల్లో నీళ్లు తిరిగినందుకు భయపడనక్కర్లేదు.

ఇక్కడ మన వృత్తికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. "పనిలో పడితే మరచిపోతావు" అని పరామర్శకు వచ్చిన ప్రతి బంధువూ అంటాడు. లెక్కలు రాసుకునే ఉద్యోగికి, బడి పంతులుకు ఆ మాట కొంతవరకు నిజం కావచ్చు. వారికి పని రెండో వైపుకు, అంటే బతుకును చక్కబెట్టుకునే వైపుకు చెందుతుంది. సంక్షోభ సహాయంలో ఉన్నవారికి పని కూడా మరణం గురించే మాట్లాడుతుంది. ఇంట్లో తండ్రి ఫోటోకు దండ వేసి వచ్చిన మనిషి, హెడ్‌సెట్ పెట్టుకోగానే తండ్రిని పోగొట్టుకున్న మరొకరి గొంతు వింటుంది. అటూ ఇటూ తిరగడానికి రెండో వైపే లేకుండా పోతుంది. అందువల్ల మన వాళ్లు పనికి రావడాన్ని విశ్రాంతిగా లెక్కపెట్టకూడదు. మరణంతో సంబంధం లేని మరొక వ్యాపకాన్ని, వంట అయినా, కబ్బన్ పార్కులో నడక అయినా, పిల్లలకు లెక్కలు చెప్పడమైనా, వారంలో నిర్ణీత సమయానికి పెట్టుకోవాలి. నేను చూసినంతలో ఈ ఒక్క ఏర్పాటు చేసుకున్నవారు మిగిలినవారికంటే ఎక్కువ కాలం ఈ పనిలో నిలబడ్డారు.

మూడో మెట్టు: తిరిగి రావడం

ఇన్ని రోజులకు రావచ్చని ఎవరూ చెప్పలేరు. తేదీని కాకుండా మీ స్థితిని చూసి నిర్ణయించుకోవాలి. అందుకు నేను సూచించే పరీక్ష మాక్ కాల్. సూపర్‌వైజర్ గానీ అనుభవం ఉన్న సహోద్యోగి గానీ ఫోన్ చేసినవారి పాత్ర తీసుకుని, మీ నష్టానికి అతి దగ్గరగా ఉన్న కథను చెబుతారు. మీరు చివరిదాకా వినగలగాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా, గొంతు తగ్గించకుండా అడగగలగాలి. జవాబు విని తర్వాతి అడుగు వేయగలగాలి. ఆ ప్రశ్న అడగడం దగ్గర మీరు తడబడినా, అడగకుండా దాటేసినా, ఇంకా సమయం కావాలని అర్థం. ఎందుకంటే దుఃఖంలో ఉన్న కౌన్సెలర్ తెలియకుండానే దూరం జరిగేది ఆ ప్రశ్న నుంచే, ఫోన్ చేసినవారి ప్రాణానికి అవసరమైనదీ ఆ ప్రశ్నే.

రావడం కూడా ఒకేసారి కాకుండా అంచెలుగా ఉండాలి. మొదట కాల్స్ లేని పనులు తీసుకోండి: ఆసుపత్రులు, ఆశ్రయ కేంద్రాల జాబితాను సరిచూడడం, నివేదికలు రాయడం వంటివి. నాణ్యత పరిశీలన కోసం పాత రికార్డింగులు వినడాన్ని తేలిక పని అనుకుని చాలామంది దుఃఖంలో ఉన్నవారికే అప్పగిస్తుంటారు, అది సరికాదు. వినడం అంటే వినడమే, పైగా రికార్డింగులో మీరు ఏ సాయమూ చేయలేరు. ఆ తర్వాత పగటి షిఫ్టులో మరొకరు పక్కనుండగా కొన్ని కాల్స్, ఆపైన ఒంటరిగా. రాత్రి షిఫ్టు అన్నిటికంటే చివర. రాత్రి పూట అనుభవం ఉన్న సీనియర్లు తక్కువమంది ఉంటారు, అసలే చెదిరిన నిద్ర ఇంకా చెదురుతుంది.

తీసుకోకూడని కాల్స్ ఏవో రాతపూర్వకంగా చెప్పండి. నోటిమాట రోస్టర్ (షిఫ్టుల పట్టిక) మారగానే పోతుంది. ఇంత చిన్న సందేశం చాలు: "మా అమ్మగారు క్యాన్సర్‌తో మరణించారు. వచ్చే రెండు నెలలు క్యాన్సర్ రోగులు, వారి కుటుంబ సభ్యుల కాల్స్ వస్తే మరొకరికి అప్పగించే అవకాశం ఇవ్వమని కోరుతున్నాను. మిగిలిన కాల్స్ తీసుకోగలను. నెలాఖరున మళ్లీ కూర్చుని మాట్లాడుకుందాం." కారణాన్ని ఇంతకంటే వివరంగా చెప్పవలసిన బాధ్యత మీకు లేదు. మీ ఇంట్లో జరిగినది ఆత్మహత్య అయితే ఈ గడువు ఇంకా పెద్దదిగా ఉండాలని నా గట్టి అభిప్రాయం, అందుకు కారణం తర్వాతి మెట్టులో చెబుతాను.

నాలుగో మెట్టు: కాల్ లోపల

తెలుగు కాల్‌కు ఒక స్వభావం ఉంది. రెండు నిమిషాలు గడిచేసరికి ఎదుటివారు "తల్లీ" అనో "నాయనా" అనో "అక్కా" అనో పిలవడం మొదలుపెడతారు. మారతహళ్ళి పీజీలో ఉంటున్న కుర్రవాడు మిమ్మల్ని అక్కను చేసుకుంటాడు, మదనపల్లె నుంచి మాట్లాడే పెద్దాయన కూతురిని చేసుకుంటాడు. మామూలు రోజుల్లో ఈ చనువు మనకు గొప్ప బలం. మీ నాన్న పోయిన నెలలో, ఆయన యాసలోనే, ఆయన పిలిచిన మాటతోనే ఒక గొంతు వినిపిస్తే మాత్రం గుండె ఒక్కసారి జారుతుంది. ఇది జరుగుతుందని ముందే తెలుసుకుని ఉండడం సగం రక్షణ.

అలాంటి క్షణంలో రెండు పాదాలూ నేలకు గట్టిగా ఆనించండి. ఊపిరి తీసుకున్నదానికంటే నెమ్మదిగా వదలండి. ముందున్న కాగితం మీద ఫోన్ చేసినవారి మాటల్లోంచి ఒక్క మాట రాయండి, ఆ మాటనే తిరిగి వారికి చెప్పండి: "రాత్రిళ్లు భయమేస్తోందన్నారు కదా, ఆ భయం గురించి ఇంకొంచెం చెబుతారా?" మీ ఇంటి నుంచి వారి ఇంటికి మిమ్మల్ని తిరిగి తెచ్చేది వారి మాటే. గొంతు పూడుకుపోతే మ్యూట్ చేసి మౌనంగా ఉండిపోకండి. ఫోన్‌లో మౌనం, ముఖ్యంగా చావు మాట పలికిన వెంటనే వచ్చే మౌనం, వదిలేశారన్న భావన కలిగిస్తుంది. "మీరు చెప్పింది వింటున్నాను, ఒక్క క్షణం" అని చెప్పి గుక్కెడు నీళ్లు తాగండి.

అప్పటికీ సాధ్యం కాకపోతే కాల్‌ను అప్పగించాలి. అందుకు పక్కవారితో ముందే ఒక సైగ అనుకుని ఉంచుకోండి. బల్ల మీద ఎర్ర కార్డు పెట్టడం చాలు. మీరు లైన్‌లో ఉండగానే రెండోవారు వచ్చి చేరాలి. చెప్పవలసిన మాట ఇలా ఉండవచ్చు: "మీకు ఇప్పుడు పూర్తి సాయం అందాలని నా కోరిక. నాకంటే బాగా సాయం చేయగల మా సహోద్యోగిని ఇదే లైన్‌లోకి పిలుస్తున్నాను. మీరు ఇప్పటిదాకా చెప్పింది ఆమెకు నేనే చెబుతాను, మీరు మళ్లీ మొదటి నుంచి చెప్పనక్కర్లేదు. ఆమె వచ్చేదాకా నేను ఇక్కడే ఉంటాను." ప్రాణాపాయం వెంటనే ఉందని తెలిసినప్పుడు మాత్రం అప్పగింతలో ఒక్క క్షణం కూడా ఖాళీ ఉండకూడదు, అత్యవసర నంబరు 112కు సమాచారం ఇచ్చే బాధ్యత రెండోవారు తీసుకోవాలి. ఇంటి నుంచి పనిచేసేవారికి ఇవన్నీ కష్టం, కాబట్టి తిరిగి వచ్చిన మొదటి వారాల్లో ఇంటి నుంచి కాల్స్ తీసుకోకండి. మరణం జరిగిన ఇంట్లో కూర్చుని అసలే తీసుకోకండి.

కొందరు అడుగుతారు: "మీ ఇంట్లో ఎవరైనా పోయారా? పోతే తెలిసేది మీకు." ఇది నిందలా వినిపించినా, అర్థం చేసుకుంటారా అన్న ప్రశ్నే. సొంత సంగతి చెప్పాలన్న కోరిక ఆ సమయంలో చాలా బలంగా ఉంటుంది. మొదటి ఏడాది చెప్పకపోవడమే మంచిదని నా తీర్పు. మన తెలుగువాళ్లు మనసున్నవాళ్లు. మీ అమ్మ పోయిందని తెలిసిన మరుక్షణం తమ బాధ పక్కన పెట్టి "అయ్యో తల్లీ, అన్నం తింటున్నావా" అని మిమ్మల్ని ఓదార్చడం మొదలుపెడతారు, ఇక తమ సంగతి చెప్పరు. "మీ బాధ ఎంతటిదో నాకు అర్థం కావాలని మీరు కోరుకుంటున్నారు. అందుకే మీ నోటి నుంచే వినాలనుకుంటున్నాను" అంటే అబద్ధమూ కాదు, దారి తప్పడమూ కాదు.

దీనికి వ్యతిరేక దిశలో మరొక ప్రమాదం ఉంది, అది మంచితనం రూపంలో వస్తుంది గనుక పట్టుకోవడం కష్టం. సొంత మనిషిని కాపాడుకోలేకపోయిన కౌన్సెలర్, ఫోన్ చేసిన ప్రతివారినీ కాపాడి ఆ లెక్క సరిచేయాలని చూస్తుంది. ఆత్మహత్యతో అయినవారిని పోగొట్టుకున్నవారిలో ఇది మరీ ఎక్కువ. వ్యక్తిగత నంబరు ఇవ్వడం, నిబంధన దాటి మళ్లీ మళ్లీ ఫోన్ చేయడం, షిఫ్టు అయిపోయినా ఒకే వ్యక్తి కోసం ఉండిపోవడం, ఆ వ్యక్తి తర్వాతి రోజు ఫోన్ చేయకపోతే అన్నం సహించకపోవడం దీని గుర్తులు. వీటిలో ఒక్కటి కనిపించినా అదే వారం సూపర్‌విజన్‌లో (సూపర్‌వైజర్‌తో కేసులు చర్చించే సమయంలో) పేరు పెట్టి చెప్పండి. ఫోన్ చేసిన ఆ మనిషి మీ తమ్ముడి స్థానంలోకి వచ్చేశాడంటే, అతని కష్టం మీకు పూర్తిగా వినిపించదు. మీ తమ్ముడికి చెప్పాలనుకున్న మాటలే అతనికి చెబుతుంటారు.

ఐదో మెట్టు: కాల్ తర్వాత, ఇంటి దగ్గర

భారమైన కాల్ తర్వాత వెంటనే మరొకటి తీసుకోకుండా కొంత విరామం అడగండి. ఆ విరామంలో సొంత నోటు పుస్తకంలో రెండు వాక్యాలు రాయండి: ఈ బాధలో వారిది ఏది, నాది ఏది. పేరు, ఊరు, గుర్తుపట్టగల వివరం ఏదీ రాయకండి. వారిది సూపర్‌వైజర్‌తో డీబ్రీఫింగ్‌లో (కాల్ తర్వాత జరిపే చర్చలో) చెప్పుకోండి, మీది మీవాళ్లతో చెప్పుకోండి. గోప్యత వల్ల ఆఫీసు సంగతి ఇంట్లో చెప్పలేక, మర్యాద వల్ల ఇంటి సంగతి ఆఫీసులో చెప్పలేక రెండు వైపులా నోరు మూసుకుని బతికే స్థితి ఈ వృత్తిలో చాలామందిది. అందుకే రెండూ వినగల ఒక్క మనిషైనా, అంటే సొంత థెరపిస్టు గానీ బయటి సూపర్‌వైజర్ గానీ, ఉండడం అవసరం.

ఇంటి దగ్గర ఎదురయ్యే చిక్కు వేరు. "నువ్వు కౌన్సెలింగు చేసేదానివే కదా, అమ్మకు నువ్వే ధైర్యం చెప్పు" అని బంధువులందరూ బరువంతా మీ మీద పెడతారు. రోజంతా కాల్స్ విని, అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఇంటికి చేరి, రాత్రి ఊళ్లో ఉన్న అమ్మకు ఫోన్ చేసి ఆమె ఏడుపు కూడా నేర్చుకున్న పద్ధతిలోనే వినడం మొదలుపెడితే, మీరు కూతురిగా ఏడ్చే అవకాశం ఎప్పటికీ రాదు. అమ్మతో మాట్లాడేటప్పుడు ఆమె మాటలను తిరగచెప్పే పద్ధతి వదిలేయండి. మీకు కూడా నాన్న గుర్తొస్తున్నాడని చెప్పండి, ఇద్దరూ కలిసి ఏడవండి. వారంలో కొన్ని రోజులు ఆమె బాగోగులు కనుక్కునే బాధ్యతను పెద్దమ్మకో బాబాయికో చెల్లెలికో పేరు పెట్టి అప్పగించండి. అడిగితే కాదనేవారు మన ఇళ్లల్లో తక్కువ.

ఆరో మెట్టు: తిథులు, రోస్టర్

రోస్టర్ ఇంగ్లీషు తేదీల ప్రకారం వేస్తారు, మాసికాలూ సంవత్సరీకమూ తిథి ప్రకారం వస్తాయి. సంవత్సరీకం ఏటా వేరే తేదీన పడుతుంది, మరణించిన ఇంగ్లీషు తేదీ దానికి తోడు మరొక బరువైన రోజు. పంచాంగం చూసి రెండూ రాసుకుని రోస్టర్ వేసేవారికి నెల ముందే చెప్పండి. భాద్రపదంలో వచ్చే మహాలయ పక్షం చివరి రోజైన మహాలయ అమావాస్యకు కర్ణాటకలో ప్రభుత్వ సెలవు ఉంటుంది గానీ హెల్ప్‌లైన్లకు సెలవు ఉండదు. ఏటిసూతకం వల్ల పండుగ చేసుకోవడం లేదని తెలిసి "అయితే ఉగాదికి నువ్వే షిఫ్టు చేయి" అని సహోద్యోగులు మంచి మనసుతోనే అనవచ్చు. పండుగ లేని ఇంట్లో ఆ రోజు మరింత బరువుగా ఉంటుందని వారికి చెప్పి, మీకు ఏది నయమో మీరే ఎంచుకోండి.

ఫోటోతో మాట్లాడుకోవడం, తద్దినం పెట్టడం, ఆయనకిష్టమైన కూర వండడం వంటివి దుఃఖం తీరలేదనడానికి గుర్తులు కావు. పోయినవారితో బంధాన్ని మరో రూపంలో కొనసాగించడం ఆరోగ్యకరమేనని పరిశోధకులు క్లాస్, సిల్వర్‌మన్, నిక్‌మన్ 1996లో వాదించారు. మన ఇళ్లల్లో తరతరాలుగా జరుగుతున్నది అదే.

ఏడో మెట్టు: మీరే సాయం కోరవలసినప్పుడు

దీర్ఘకాలిక దుఃఖ రుగ్మతను వైద్యశాస్త్రం ఇప్పుడు ప్రత్యేకంగా గుర్తిస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11 ప్రకారం కనీసం ఆరు నెలలు, 2022లో వచ్చిన అమెరికన్ మనోవైద్య సంఘం వర్గీకరణ డీఎస్ఎం-5-టీఆర్ ప్రకారం పెద్దవారిలో కనీసం పన్నెండు నెలలు గడిచాక కూడా తీవ్రమైన తపన, జీవితం సాగకపోవడం కొనసాగితే ఆ నిర్ధారణ గురించి వైద్యులు ఆలోచిస్తారు. సాయం కోరడానికి అన్ని నెలలు ఆగాలని దీని అర్థం కాదు. నిద్ర కోసం మద్యమో మాత్రలో అలవాటు కావడం, ఫోన్ మోగితే చేయి వణకడం, ఎదుటివారి బాధ ఏమీ అనిపించకపోవడం, కేసు నోట్లలో వరుసగా పొరపాట్లు రావడం కనిపిస్తే ఆ వారంలోనే ఎవరినైనా కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే అదే రోజు, అదే గంటలో చెప్పండి.

ఈ చివరి విషయంలో మన వాళ్లకు పెద్ద అడ్డంకి ఉంది: సొంత లైన్‌కు ఫోన్ చేస్తే తెలిసినవారే ఎత్తుతారేమోనన్న సంకోచం. అలాగైతే మరొక సంస్థ లైన్‌కు చేయండి. 14416లో పనిచేసేవారు, ఉదాహరణకు, డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ 1986లో చెన్నైలో స్థాపించిన ఆత్మహత్యల నివారణ సంస్థ స్నేహ వంటిదాన్ని సంప్రదించవచ్చు. స్వచ్ఛంద లైన్లలో పనిచేసేవారు 14416కు చేయవచ్చు. మీ బృందంతో పరిచయం లేని సైకాలజిస్టును ఎంచుకోండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స వివరాల గోప్యతను హక్కుగా ఇచ్చింది, ఆ హక్కు కౌన్సెలర్‌కు కూడా ఉంది.

బృందాన్ని నడిపేవారికి

తెలుగు వచ్చిన కౌన్సెలర్ ఒక్కరే ఉండడం ఆ కౌన్సెలర్ తప్పు కాదు. ఆమె లేని రోజుల్లో తెలుగు కాల్స్ ఎటు వెళ్లాలో ముందే నిర్ణయించండి. మరొక కేంద్రంతో ఏర్పాటు చేసుకోండి, లేదా రెండోవారికి శిక్షణ ఇవ్వండి. తిరిగి వచ్చినవారిని "ఎలా ఉన్నావు" అని నడవాలో అడిగితే "బాగున్నాను" అనే జవాబే వస్తుంది. తలుపు వేసిన గదిలో వారానికొకసారి కూర్చుని, ఈ వారం ఏ కాల్ మోయలేకపోయావు అని అడగండి. తీసుకోకూడని కాల్స్ జాబితాను నెలకొకసారి ఇద్దరూ కలిసి చూడండి, తీసేయగలిగినది తీసేయండి, అవసరమైతే కొత్తది చేర్చండి.

కొందరు ఈ జాబితాను ఎన్ని నెలలు సరిచూసుకున్నా కాల్స్ దగ్గరికి తిరిగి రాలేకపోతారు. వారికి శిక్షణ ఇచ్చే పని, కొత్త వాలంటీర్లకు తోడుండే పని, తెలుగు సమాచార పత్రాలు తయారుచేసే పని ఇవ్వవచ్చు. పూర్తిగా మానుకోవాలనుకుంటే, తమ కేసులన్నీ మొదటి మెట్టులో చెప్పినట్లు పేరు పెట్టి అప్పగించి, ఎప్పటినుంచో ఫోన్ చేస్తున్నవారికి తమ మార్పు గురించి ముందుగా చెప్పి వెళ్లే వ్యవధి వారికి ఇవ్వండి.